ఖాళీ ట్యాంకును నమ్మకండి: పాత ఎంజీబీకి పెట్రోల్ ట్యాంకు మార్చే ముందు

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉన్నవాళ్లకు ఒక వాసన బాగా పరిచయం. ఫుల్ ట్యాంకు కొట్టించి బండి లోపల పెట్టి, తెల్లారి గ్యారేజ్ తలుపు తీస్తే గుప్పుమని పెట్రోలు. రెండ్రోజులు తిరిగి ట్యాంకు సగానికి దిగితే వాసన ఉండదు. సరేలే, తగ్గింది అనుకుంటాం. ఏమీ తగ్గలేదు. చిల్లు ట్యాంకు పైభాగంలో ఉంది. పెట్రోలు అంత ఎత్తుకు చేరితేనే బయటికొస్తోంది.

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన ఈ స్పోర్ట్స్ కారుకు ట్యాంకు డిక్కీ కిందే, రేకుకు ఆనుకుని ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద, చలికాలంలో అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు, అన్నీ ఆ సందులో చేరి ఏళ్ల తరబడి చెమ్మగా ఉండిపోతాయి. అందుకే కింద నుంచి చూస్తే శుభ్రంగా కనిపించే ట్యాంకు, దించి చూస్తే పైన జల్లెడలా ఉంటుంది.

అలాగని వెంటనే కొత్తది కొనేయకండి. పెట్రోలు పోసే గొట్టం దగ్గరి రబ్బరు పగిలినా, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో గేజీకి చెప్పే సెండర్ యూనిట్ సీలు పోయినా ఇదే వాసన. డిక్కీలో ఎవరైనా స్పీకరో కార్పెట్టో బిగించారేమో కూడా చూడండి. కాస్త పొడవు స్క్రూ దిగిందంటే నేరుగా ట్యాంకులోకే.

పనికి వారం ముందు నుంచే బండి తిప్పి పెట్రోలు బాగా తగ్గించేయండి. మొదట్లో వచ్చిన ఎంజీబీల ట్యాంకు 10 గ్యాలన్లు, అంటే 45 లీటర్లు. తర్వాత వచ్చినవి 12 గ్యాలన్లు. ట్యాంకులోంచి తీసిన పెట్రోలును బ్రిటన్‌లో అధికారులకు చెప్పకుండా ఇంట్లో ఉంచుకోగలిగేది 30 లీటర్లే. అదీ ప్లాస్టిక్ డబ్బా అయితే 10 లీటర్లకు, ఇనుప డబ్బా అయితే 20 లీటర్లకు మించకూడదు. ఆ డబ్బాలు పెట్రోలు కోసం చేసినవే అయి ఉండాలి. నీళ్ల బకెట్లో పట్టడం, పైపు నోట్లో పెట్టి లాగడం రెండూ వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. అంటుకునేది ద్రవం కాదు, దాని ఆవిరి. సున్నాకు 40 డిగ్రీల కిందున్నా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. పెట్రోలు తీసేసి 'ఖాళీ అయింది కదా' అని పక్కన పెట్టిన ట్యాంకే అసలైన బాంబు.

ఈ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పాకి పల్లానికి చేరుతుంది. కాబట్టి సర్వీసింగ్ గొయ్యి మీద బండి పెట్టి ఈ పని చేయొద్దు. ఆరుబయట చేయడం అన్నిటికంటే మేలు. మొదటిసారి నేను గ్యారేజ్‌లోనే మొదలుపెట్టాను. ఇల్లు వేడిచేసే బాయిలర్ ఆపాను, ఫోన్ బయట పెట్టాను, చాలా జాగ్రత్తపరుణ్ని అనుకున్నాను. సగం పనిలో మూలనున్న ఫ్రీజర్ టక్కుమని ఆన్ అయింది. దాని స్విచ్‌లోనూ చిన్న రవ్వ పుడుతుందని అప్పుడు గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. వేలాడే బల్బు కూడా వద్దు. పగిలిందంటే అంతే.

పెట్రోలు పైపు ముట్టుకోకముందే, ఆవిరి ఏమీ లేనప్పుడే బ్యాటరీ విప్పాలి. ఎంజీబీలో అది సీట్ల వెనక ఉంటుంది. 1974 దాకా వచ్చినవాటిలో 6 వోల్టులవి రెండు. 'ముందు నెగెటివ్ తీయాలి' అని అందరూ చెబుతారు గానీ, 1967కు ముందు బండ్లలో ఎర్త్, అంటే బాడీకి కలిపే వైరు, పాజిటివ్‌కు ఉంటుంది. గుర్తు చూసి కాదు, బాడీకి ఏ వైరు వెళ్తోందో చూసి దాన్నే ముందు తీయండి.

జాకీ మీద మాత్రమే బండిని నిలబెట్టి కింద దూరొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టండి. ట్యాంకులో 10 లీటర్లు మిగిలినా ఏడు కిలోల పైమాటే, పైగా అటూ ఇటూ ఊగుతుంది. కింద పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. సెండర్ రింగు బిగుసుకుపోతే ఇనుప ఉలి పెట్టి కొట్టకండి, ఇత్తడి కడ్డీ వాడండి. పౌడర్ లేదా ఫోమ్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. నీళ్లు పోస్తే మంట పెట్రోలుతో పాటు తేలి పరుచుకుంటుంది.

దించాక అందరికీ వచ్చే ఆలోచన: చిన్న చిల్లే కదా, వెల్డింగ్ పెట్టిద్దాం. సబ్బు నీళ్లతో కడిగినా అతుకుల్లో, తుప్పు పొరల్లో పెట్రోలు దాక్కునే ఉంటుంది. సెగ తగలగానే ఆవిరై బయటికొస్తుంది. లారీ షెడ్ల దగ్గర జరిగే ట్యాంకు పేలుళ్లకు కారణం ఇదే. ట్యాంకుల పనే చేసేవాళ్లకు ఇవ్వండి, లేదా మార్చేయండి. ఎంజీబీకి కొత్త ట్యాంకులు దొరుకుతూనే ఉన్నాయి. ఎంసీల్ లాంటివి ఇల్లు చేరేదాకా పనికొస్తాయేమో, అంతకు మించి కాదు. పాతదాన్ని గ్రైండర్‌తో కోయడం కూడా అంతే ప్రమాదం.

కొత్తది ఎక్కించేముందు దాని పైరేకుకు తుప్పు పట్టని పూత దట్టంగా వేయండి. బిగించాక అక్కడికి చెయ్యి పోదు. రబ్బరు పైపులన్నీ అప్పుడే మార్చేయండి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలులో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటోంది, అది పాత రబ్బరును తినేస్తుంది. ఆర్9 అని ముద్ర ఉన్న పైపు తీసుకోండి. మన ఊళ్లలో పద్మినీలు, కాంటెస్సాలు దాచుకున్నవాళ్లకూ ఈ సలహా వర్తిస్తుంది. ఇక్కడ బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది.

చివర్లో తొందరపడి ఫుల్ చేయొద్దు. ఐదు లీటర్లు పోసి, కింద అట్టముక్క పరిచి గంటసేపు చూడండి. మచ్చ పడకపోతే బ్యాటరీ కలిపి, పంపు టకటకలాడుతుండగా ప్రతి అతుకూ మళ్లీ చూడండి. ఫుల్ ట్యాంకు మర్నాడు కొట్టించుకోవచ్చు. ఆ రాత్రి మాత్రం బండిని బయటే ఉంచి, తెల్లారి ఓసారి వాసన చూడండి.