పాత కంప్యూటర్ పత్రికల్ని తూకానికి వేయకండి, ఇలా దాచండి

మీ అటక మీదో, మంచం కిందో పాత పీసీ క్వెస్ట్, డిజిట్, లినక్స్ ఫర్ యూ, మన తెలుగు కంప్యూటర్ ఎరా సంచికలు ఉన్నాయా? పాత పేపర్లవాడిని పిలిచే ముందు ఇది చదవండి. నేను విజయవాడ గవర్నర్‌పేటలో చాలాకాలం కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మాను. కాలేజీలో నేర్పని పని నాకు నేర్పింది ఈ పత్రికలే. ఇప్పుడు దొరికిన ప్రతి సంచికనూ సేకరించి, స్కాన్ తీసి, సీడీలతో సహా భద్రపరుస్తున్నాను.

అవన్నీ నెట్‌లో ఉంటాయి కదా అంటారు. చాలావరకు లేవు. అప్పటి వెబ్‌సైట్లు ఎన్నో మూతపడ్డాయి. పత్రికలూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమెరికాలో 1975లో మొదలైన బైట్ 1998లో ఆగింది. పీసీ మ్యాగజైన్ 2009 జనవరి సంచికతో, అక్కడి పీసీ వరల్డ్ 2013లో అచ్చు మానేశాయి. మాగ్జిమమ్ పీసీ 2023 ఏప్రిల్ దాకా నిలబడింది.

మన దగ్గర ఈ పత్రికలకు పెద్ద బలం సీడీ. అప్పట్లో ఫోన్ లైను మీద నడిచే డయలప్ నెట్‌లో 56 కేబీపీఎస్ పూర్తి వేగం వచ్చినా, 650 ఎంబీ సీడీలో ఉన్న సరుకు దించడానికి 25 గంటలు దాటేది. ఆ వేగం ఎప్పుడూ రాదు, మధ్యలో లైను తెగుతుంది, ఫోన్ బిల్లు వేరే. అదే సరుకు పత్రికతో పాటు ఇంటికొచ్చేది. పీసీ క్వెస్ట్ ఇచ్చిన పీసీక్యూ లినక్స్ సీడీతోనే మాలో చాలామంది విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను తొలిసారి ఇన్‌స్టాల్ చేశాం. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ అవసరం తగ్గుతూ పోయింది. ర్యామ్ ధర వారం వారం మారుతుంటే పత్రికలో నెలకోసారి వచ్చే ధరల పట్టిక పాతబడిపోయేది. ప్రకటనలు కూడా నెట్ వైపు వెళ్లిపోయాయి. పత్రిక ఖర్చు మోసేది ప్రధానంగా ప్రకటనలే కాబట్టి, అసలు దెబ్బ అక్కడ తగిలింది.

ఇక సేకరణ సంగతి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర "కంప్యూటర్ పుస్తకాలున్నాయా" అని అడిగితే ఇంజనీరింగ్ టెక్స్ట్‌బుక్కులు చూపిస్తారు. "సీడీతో వచ్చే పాత కంప్యూటర్ మంత్లీలు" అని అడగండి. బయట పెట్టకపోయినా లోపల కట్టల్లో ఉండొచ్చు. మూతపడిన నెట్ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌ల ఓనర్లను కదిపి చూడండి. మీ వీధికి వచ్చే పాత పేపర్లవాళ్లకు ఫోన్ నంబర్ ఇచ్చి, తూకం రేటు కంటే ఎక్కువిస్తానని చెప్పండి. చిరిగిందని, అట్ట పోయిందని వదిలేయకండి.

కట్ట ఇంటికి రాగానే మిగతావాటితో కలపొద్దు. కొన్నాళ్లు విడిగా పెట్టి చెదలు, పురుగు, బూజు ఉన్నాయేమో చూడండి. బెజవాడలో ఉన్నవాళ్లకు మరో మాట: గ్రౌండ్ ఫ్లోర్‌లో, నేల మీద పెట్టొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో ఏమైందో చూశాం. ఈ పత్రికలది నున్నటి ఆర్ట్ పేపర్. తడిసి ఆరితే పేజీలన్నీ అంటుకుని ముద్దయిపోతాయి, ఇక విడదీయలేం. అందుకే తడిసినదాన్ని ఎండలో పడేయకుండా, తడిగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత తీరిగ్గా, కొద్దికొద్దిగా కరగనిచ్చి, పేజీల మధ్య బటర్ పేపర్ పెడుతూ ఆరబెట్టొచ్చు.

అన్నిటికంటే ముందు సీడీల పని చూడండి. కాగితం ఇంకా చాలాకాలం ఉంటుంది, సీడీకి ఆ భరోసా లేదు. ప్లాస్టిక్ పౌచ్‌కి అంటుకుపోయి ఉంటే మెల్లగా తీయండి. మెత్తటి నూలు గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా వరస వెంబడే పడుతుంది, దాన్ని డ్రైవ్ సరిదిద్దుకోవడం కష్టం. లేబుల్ వైపు బాల్‌పెన్నుతో రాయొద్దు. డేటా పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొనండి. ఫైళ్లు విడివిడిగా కాపీ చేయకుండా మొత్తం సీడీని ఐఎస్ఓగా, అంటే సీడీ అంతటికీ నకలైన ఒకే ఫైలుగా తీయండి. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్ చాలు. గీతలు పడినవాటికి లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి, అది చదవలేని చోటు వదిలి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ప్రయత్నిస్తుంది. ప్రతి ఐఎస్ఓకీ షా256 చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) రాసి పెట్టుకుంటే తర్వాత ఫైలు పాడైందీ లేనిదీ తెలుస్తుంది. అందులోని సెటప్ ఫైళ్లు మీ కంప్యూటర్‌లో నేరుగా నడపకండి. మీ కంప్యూటర్ లోపలే విడిగా మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్‌బాక్స్‌లో, నెట్ తీసేసి నడపండి.

స్కానింగ్‌లో మధ్యలో పిన్నులు కొట్టిన సంచికలు సులువు. పిన్నులు విప్పి, మళ్లీ అదే రంధ్రాల్లో పెట్టొచ్చు. గమ్ బైండింగ్ వాటిని మాత్రం కోయకండి. సన్నటి సీఐఎస్ రకం స్కానర్లలో గాజుకి ఆనని భాగం మసకబారుతుంది, బైండింగ్ దగ్గర అక్షరాలు పోతాయి. దానికి గాజుకి కాస్త ఎడంగా ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చదివే సీసీడీ రకం స్కానర్ కావాలి. లేకపోతే నీడ పడని పగటి వెలుతురులో ఫోన్ స్టాండ్‌కి బిగించి ఫొటోలు తీయండి. స్కానర్‌లో 300 డీపీఐ, కలర్. వెనక పేజీ అక్షరాలు కనబడకుండా స్కాన్ చేసే పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి. తెలుగు పేజీలకు టెస్సరాక్ట్ అనే ప్రోగ్రామ్‌లో తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టైపు చేసిన అక్షరాలుగా మార్చే పద్ధతి) ఉంది. తప్పులు వస్తాయి, కానీ వెతుక్కోవడానికి పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: ప్రకటనలు వదిలేయకండి. వ్యాసాలే స్కాన్ చేసి యాడ్స్ పేజీలు తీసేసేవాళ్లు చాలామంది. నా కస్టమర్లు షాపుకి వచ్చేటప్పుడు చేతిలో పట్టుకొచ్చేది ఆ పేజీలే. "ఇందులో ఈ రేటుంది, నువ్వెంతకిస్తావు" అని అడిగేవారు. ఒక మధ్యతరగతి ఇంట్లో పిల్లాడికి కంప్యూటర్ కొనాలంటే ఎన్ని నెలల జీతం పెట్టాల్సి వచ్చేదో, వాయిదాల మీద ఎంత కట్టేవారో, మోడెమ్ విడిగా ఎంతుండేదో చెప్పేది ఆ పేజీలే. పాఠకుల ఉత్తరాలూ అంతే. చిన్న ఊరి కుర్రాడు ప్రింటర్ డ్రైవర్ కోసం పత్రికకు ఉత్తరం రాసి, జవాబు అచ్చయ్యేదాకా ఎదురుచూసిన సంగతి ఇంకెక్కడ దొరుకుతుంది? అట్ట లోపలి పేజీ, సబ్‌స్క్రిప్షన్ కూపన్ కూడా స్కాన్ చేయండి.

ఫైలు పేరులో పత్రిక, సంవత్సరం, నెల, పేజీ అదే వరసలో ఉండాలి. పేరు మారిన పత్రికల దగ్గర జాగ్రత్త. లినక్స్ ఫర్ యూ 2012లో ఓపెన్ సోర్స్ ఫర్ యూ అయింది, రెండూ ఒకే వరసలో పెట్టండి. మొత్తం డేటా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

స్కాన్ చేసినవి మీ సొంత చదువుకీ, పరిశోధనకీ వాడుకోండి. ప్రచురణకర్త అనుమతి లేకుండా నెట్‌లో పెట్టకండి. మన దేశంలో కాపీరైట్ కనీసం 60 ఏళ్లు ఉంటుంది, ఈ పత్రికలేవీ ఆ గడువు దాటలేదు. మీ దగ్గర ఏ నెల సంచికలున్నాయో, ఏవి లేవో ఎక్సెల్ జాబితా చేసి పంచడానికి ఏ అడ్డూ లేదు. రెండేసి ఉన్న సంచికలుంటే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం లాంటి చోట ముందు ఆ జాబితా చూపించి, తీసుకుంటారా అని అడగండి. ఒప్పుకున్నాకే కట్టలు మోసుకెళ్లండి, సీడీలు ఆయా సంచికల్లోనే ఉంచి.