జనగణన పుస్తకాల్లో, సమాధి రాళ్లపై పూర్వీకుల జాడ

దగ్గరి తరం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. జనగణన వివరాలను ఇంగ్లండులో వందేళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు గానీ బయటపెట్టరు. అందుకే ఇంగ్లండువి 1921, అమెరికావి 1950 వరకే దొరుకుతాయి. అమెరికా 1890 పుస్తకాలు చాలావరకు మంటల్లో పోయాయి, 1900 నుంచి నేరుగా 1880కి దూకండి.

రాసిన వయసును గుడ్డిగా నమ్మొద్దు. ఇంగ్లండు 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును చాలామటుకు కింది ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 38 ఏళ్ల మనిషి 35గా కనిపిస్తాడు. పేరు దొరక్కపోతే స్పెల్లింగు మార్చి వెతకండి, గణకుడు చెవికి సోకినట్టు రాసుకున్నాడు మరి.

సమాధి రాయిపై అక్షరాలు అరిగిపోతే సుద్ద, తీగ బ్రష్ వాడకండి, రాయి పాడవుతుంది. అద్దంతో ఎండను పక్కనుంచి ఏటవాలుగా పడేలా చేస్తే గాట్లలో నీడ నిలిచి అక్షరాలు తేలతాయి. అప్పుడు ఫొటో తీయండి. చుట్టుపక్కల రాళ్లనూ తీయండి, బంధువులు తరచూ అక్కడే ఉంటారు. ఏళ్ల తర్వాత నాటిన రాయిపై తేదీ తప్పు పడొచ్చు, ఖనన రిజిస్టరుతో సరిచూడండి.