ఆరాధనకు ముందు పైప్ ఆర్గాన్ దగ్గర జాగ్రత్తలు

☐ పైపులకు గాలి పంపే బ్లోయర్ స్విచ్ వేయగానే వాయించొద్దు. గాలి ఒత్తిడి నిలకడగా వచ్చేదాకా కాసేపు ఆగండి.

☐ బయట తిరిగిన బూట్లతో పెడల్స్ (కాళ్లతో వాయించే మెట్లు) తొక్కొద్దు. అడుగు పలుచగా, తోలుతో ఉన్నవి విడిగా పెట్టుకోండి.

☐ ఒక్కో స్టాప్ (ఒక వరుస పైపులను పలికించే పిడి) లాగి మెట్లన్నీ నొక్కి చూడండి. వేలు తీసినా ఏదైనా స్వరం ఆగకుండా మోగుతుంటే ఆ స్టాప్ మూసేయండి, ఆరాధన అయ్యేదాకా దాని జోలికి వెళ్లొద్దు. టెన్షన్‌లో పైపులు పట్టుకుని కదిలించొద్దు. ఆ లోహం మెత్తన, సొట్ట పడితే స్వరమే మారిపోతుంది.

☐ 8 అడుగుల స్టాప్‌లు (ఆ కొలత వరుసలోని పొడవాటి పైపుది) పియానో శ్రుతిలోనే పలుకుతాయి, 4 అడుగులవి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, 16 అడుగులవి ఒక స్థాయి కింద. 16 అడుగులవి పెడల్‌కే ఉంచండి, లేకపోతే పాట బురదలా వినిపిస్తుంది.

☐ ఎన్ని చరణాలు పాడతారో పాస్టర్‌గారిని ముందే అడగండి.

☐ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలోని ఓల్డ్ హండ్రెడ్త్ ట్యూన్‌నే తీసుకోండి: నాలుగు పాదాలు, పాదానికి 8 అక్షరాలు. ప్రతి పాదం చివర వేళ్లన్నీ పైకి ఎత్తాలి. వెనక బెంచీలో పాడే పెద్దవాళ్లు ఊపిరి తీసుకునేది ఆ క్షణంలోనే.

☐ పెద్ద చర్చిలో సంఘం గొంతు మీకు ఆలస్యంగా చేరుతుంది. దానికోసం ఆగొద్దు, మీ లయ మీరు పట్టుకోండి.