శిథిలమైన కోటను చదవడం – 3వ పాఠం: హాగి కోట మూలరాళ్లు

కిందటి పాఠంలో కందకాన్ని బట్టి కోట హద్దులు పోల్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి రాతిగోడను చూద్దాం. జపాన్‌లోని హోన్షూ దీవి పడమటి కొసన, సముద్రపు ఒడ్డున ఉన్న హాగి కోట ఇందుకు చక్కని బడి.

1600లో సెకిగహారా యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచిన మోరి తెరుమోతో అనే ప్రభువుకు చివరికి రెండు సీమలే మిగిలాయి. 1604లో షిజుకి కొండ పాదాన ఈ కోట మొదలుపెట్టి 1608లో పూర్తిచేశాడు. తెన్షు అనే ఐదంతస్తుల ప్రధాన భవనాన్ని 1874లో కూల్చేశారు. దాని రాతి పీఠం మాత్రం నిలిచి ఉంది.

అందరూ తిన్నగా పీఠం ఎక్కేస్తారు. మీరు అలా చేయకండి. కందకం ఇవతలి గట్టున నిలబడి, పీఠం మూలను పాదం నుంచి పైదాకా చూడండి. కింద ఏటవాలుగా మొదలైన గోడ పైకి పోయేకొద్దీ నిటారుగా లేస్తుంది. ఇక మూలలో పేర్చినవి పొడవాటి రాళ్లు. ఒక రాయి పొడుగు కుడిగోడలోకి చొచ్చుకుపోతే, దాని మీది రాయి పొడుగు ఎడమగోడలోకి పోతుంది. రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు రెండు గోడలూ పట్టుకుంటాయి. దీని పేరు సాంగిజుమి. సున్నం లేకుండా పేర్చిన ఈ గోడల వెనుక చిన్న రాళ్లు నింపుతారు. వాననీరు వాటి సందుల్లోంచి దిగిపోతుంది కాబట్టి తడిమట్టి గోడను ముందుకు తోయదు. నాకు ఈ నేర్పు ముందు తెన్షు వైభవం కూడా చిన్నదే అనిపిస్తుంది.

ఇప్పుడు పీఠం ఎక్కండి. నేలలో బారులు తీరిన పునాది రాళ్లు ఒకప్పుడు స్తంభాలు నిలిచిన చోట్లు.

ఓపిక ఉంటే 143 మీటర్ల షిజుకి కొండ కూడా ఎక్కండి. పైన పాత రాతిగని ఉంది. అక్కడి బండల మీద వరుసగా తొలిచిన గుంటలు కనిపిస్తాయి. వాటిలో చీలలు దిగ్గొట్టి, బండను ఆ వరుస వెంట పగలగొట్టేవారు. అలా పగిలిన రాయి అంచున సగం గుంటలు పళ్లవరుసలా మిగిలిపోతాయి. ఒకసారి వాటిని వేలితో తడిమి చూస్తే, ఇక ఏ కోటగోడలోనైనా ఆ గుర్తును మీ కన్ను పట్టేస్తుంది.

అభ్యాసం: మూల బొమ్మ గీసి, ఒక్కొక్క రాయి పొడుగు ఎటు పోయిందో బాణం గుర్తు వేయండి. వరస తప్పిన చోట ఆగి, రాయి రంగు, చెక్కడం తీరు కూడా మారాయేమో చూడండి. మారితే అక్కడ తర్వాత మరమ్మతు జరిగి ఉండవచ్చు.

ఆ బొమ్మ దాచుకోండి. 4వ పాఠంలో సముద్రం వైపున్న తుపాకీ కన్నాల మట్టిగోడ దగ్గర దానితో పని ఉంది.