లాభం 5 కోట్లు దాటిన కంపెనీకి తొలి ఏడాది సీఎస్ఆర్: లెక్క, పని, కాగితాలు

రొయ్యల మేత, గ్రానైట్, మందుల ముడిసరుకు... వ్యాపారం ఏదైనా కానీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఒక ఏడాది బాగా కలిసొచ్చిందంటే మరుసటి ఏడాదే కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ కింద సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) మొదలవుతుంది, అంటే లాభంలో కొంత సమాజానికి పనికొచ్చే పనులకు ఖర్చు పెట్టాలి. పెద్ద కంపెనీల్లో దీనికి వేరే విభాగం ఉంటుంది. మధ్యతరహా కంపెనీలో అకౌంట్స్ మేనేజర్ నెత్తిన పడుతుంది, అదీ ఆడిటర్ ఫిబ్రవరిలో గుర్తు చేశాక. చట్టం అంత కష్టమైనదేమీ కాదు, చిక్కంతా తేదీలతోనే. తొలిసారి ఈ పరిధిలోకి వచ్చిన కంపెనీ కోసం, 2025-26 ఆర్థిక సంవత్సరాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఇది రాస్తున్నాం.

మీకు వర్తిస్తుందా?

అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా, అంతకు మించినా సీఎస్ఆర్ తప్పదు. మధ్యతరహా కంపెనీలను పట్టేది ఎక్కువగా మూడోదే. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు, ఎల్ఎల్‌పీకి ఈ సెక్షన్ వర్తించదు.

తొలి తప్పు ఇక్కడే జరుగుతుంది. ‘ట్యాక్సులు పోను మాకు మిగిలింది 4 కోట్లే’ అని ఊరుకుంటారు. చట్టం చూసేది 198వ సెక్షన్ ప్రకారం లెక్కకట్టిన లాభాన్ని. అందులో ఆదాయపు పన్ను తీసెయ్యరు. పన్నుకు ముందు 5.4 కోట్లుంటే మీరు లోపలికి వచ్చినట్టే. పాత స్థలం అమ్మితే వచ్చిన లాభం లాంటివి మాత్రం ఇందులో కలపనక్కర్లేదు. విదేశీ బ్రాంచి లాభం, 135వ సెక్షన్ పాటిస్తున్న మరో భారతీయ కంపెనీ ఇచ్చిన డివిడెండు కూడా తీసెయ్యాలి. ఈ సర్దుబాట్ల షీటు ఆడిటర్‌తో చేయించి ఫైల్లో పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే చూపించాల్సింది దాన్నే.

ఇక ఎంత ఖర్చు పెట్టాలి? గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం. 2022-23లో 4.2 కోట్లు, 2023-24లో 5.8 కోట్లు, 2024-25లో 8 కోట్లు అనుకుందాం. మొత్తం 18 కోట్లు, సగటు 6 కోట్లు, అందులో 2 శాతం 12 లక్షలు. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో లాభం 5 కోట్ల లోపే కదా, దాన్నెందుకు కలపాలి అంటారు. కలపాల్సిందే. 5 కోట్ల గీత వర్తిస్తుందా లేదా అన్నది తేల్చడానికే, సగటు లెక్కకు దాంతో పని లేదు. కంపెనీ పెట్టి మూడేళ్లు నిండకపోతే నిండిన ఏళ్ల సగటు తీసుకోవాలి.

కట్టాల్సిన మొత్తం 50 లక్షలు దాటకపోతే సీఎస్ఆర్ కమిటీ వెయ్యనక్కర్లేదు, బోర్డే ఆ పని చేస్తుంది. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. 2022 సెప్టెంబరు సవరణ తర్వాత, అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలో (ఏడాదిలో ఖర్చు కాని డబ్బు వేసే బ్యాంకు ఖాతా) డబ్బు మిగిలి ఉన్న కంపెనీ కమిటీ వెయ్యాల్సిందే. బాధ్యత 12 లక్షలే అయినా సరే.

ఏ పని చెయ్యొచ్చు, ఏది కుదరదు

చట్టంలోని ఏడో షెడ్యూలులో జాబితా ఉంది: ఆకలి, ఆరోగ్యం, పారిశుధ్యం, తాగునీరు, చదువు, ఉపాధి నైపుణ్యాలు, పర్యావరణం, చారిత్రక కట్టడాల పరిరక్షణ, గ్రామీణ క్రీడలు, గ్రామీణాభివృద్ధి, విపత్తు సహాయం వగైరా. జాబితా విశాలమే, దాన్ని ఉదారంగానే అర్థం చేసుకోమని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ కూడా చెప్పింది. అందుకే జాబితా కంటే కుదరని వాటిని గుర్తుపెట్టుకోవడం మేలు.

కంపెనీ క్వార్టర్స్‌లో ఉద్యోగుల కోసమే పెట్టిన ఆర్ఓ ప్లాంటు సీఎస్ఆర్ కాదు. కాలుష్య నియంత్రణ మండలి షరతు ప్రకారం కట్టిన శుద్ధి ప్లాంటు, పర్యావరణ అనుమతిలో రాసి ఉన్న మొక్కల పెంపకం కావు, అవి వేరే చట్టం కింద ఎలాగూ చెయ్యాల్సినవి. పార్టీలకిచ్చే విరాళం కాదు. బ్యానరు నిండా మీ బ్రాండు పేరుతో జరిగే 5కే రన్ కాదు. ఊళ్లో కొత్త గుడి కట్టడానికి ఇచ్చిన చందా ఆ జాబితాలో ఎక్కడా ఇమడదు. పాత కంప్యూటర్లు బడికిచ్చి వాటికి ఓ విలువ కట్టడం, ఉద్యోగులు ఆదివారం వచ్చి చేసిన శ్రమదానానికి గంటల లెక్కన డబ్బు వేసుకోవడం రెండూ చెల్లవు.

అన్నిటికన్నా ఎక్కువ మంది బోల్తా పడేది ముఖ్యమంత్రి సహాయ నిధి దగ్గర. వరదలొచ్చాయి, చెక్కు అందిస్తూ ఫొటో దిగారు, పేపర్లో కూడా పడింది. కానీ ఏడో షెడ్యూలులో సీఎం సహాయ నిధి లేదు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి ఉంది, పీఎం కేర్స్ ఉంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకిచ్చింది విపత్తు సహాయం కింద లెక్కకొస్తుందని 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్పష్టం చేసింది. ముఖ్యమంత్రికి ఇవ్వొద్దని కాదు, ఇవ్వండి. దాన్ని 12 లక్షల్లో మాత్రం చూపించకండి.

12 లక్షలతో ఒక బడి పని

ఇంత చిన్న మొత్తానికి ఎన్జీవో కోసం వెతకనక్కర్లేదన్నది మా అభిప్రాయం. కంపెనీ నేరుగా చెయ్యొచ్చు. దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆడపిల్లలకు టాయిలెట్ బ్లాక్ కట్టాలనుకుందాం. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వమని చట్టం కూడా అంటుంది.

డబ్బు లెక్కతో మొదలుపెట్టండి. సీఎస్ఆర్ ఖర్చుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకోవడం) 2023 అక్టోబరు 1 నుంచి రాదు. కాబట్టి బిల్లులో జీఎస్టీ 18 శాతం ఉంటే 12 లక్షల్లో అసలు పని విలువ సుమారు 10.17 లక్షలే. కాంట్రాక్టరు ‘12 లక్షలకు చేస్తా’ అన్నప్పుడు జీఎస్టీ కలిపా, కలపకుండానా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. కంపెనీ సొంత పరిపాలన ఖర్చు మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం, అంటే ఇక్కడ 60 వేలు దాటకూడదు.

తర్వాత అనుమతి. స్థలం జిల్లా పరిషత్‌ది. హెడ్‌మాస్టరు మాటిస్తే చాలదు, జిల్లా విద్యాశాఖాధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. కట్టాక ఆ ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. ప్రభుత్వ సంస్థ పేరునో, సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర తీసుకునేది) ఉన్న సేవాసంస్థ పేరునో, లబ్ధిదారుల సంఘాల పేరునో ఉండాలని నియమం. అందుకని అప్పగింత పత్రం నమూనాను ముందే అనుమతి లేఖకు జత చెయ్యండి.

పని తీరు చూస్తే ఇలాంటి బ్లాకులు చెడేది గోడల వల్ల కాదు, నీళ్ల వల్ల. బోరు మోటారు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు విడి లైను వేయించకపోతే మధ్యాహ్న భోజనం గిన్నెలు కడిగే సరికి ట్యాంకు ఖాళీ. మధ్యాహ్నం నుంచి టాయిలెట్లకు తాళం పడుతుంది. ట్యాంకు, పైపులైను, సెప్టిక్ ట్యాంకు అంచనాలో ఉన్నాయో లేదో చూసి ఆ తర్వాతే టైల్స్ సంగతి మాట్లాడండి. రోజూ శుభ్రం చేసేదెవరు, యాసిడ్, ఫినాయిల్ కొనేదెవరు అన్నది పాఠశాల యాజమాన్య కమిటీతో తీర్మానం చేయించుకోండి.

ఇక తేదీలు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. బడి పరీక్షా కేంద్రమైతే ఆ రోజుల్లో తాపీ పని సాగదు. వేసవి సెలవుల్లో చేద్దామంటే అప్పటికి ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. కాబట్టి జూన్, జులైలలో బోర్డు వార్షిక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించాలి. ఆగస్టుకల్లా అనుమతి రావాలి. దసరా సెలవుల్లో పునాది, శ్లాబు పనులు పెట్టుకుని జనవరి చివరికి తుది బిల్లు తీసుకోవాలి.

ఎన్జీవో ద్వారా చేస్తే

ముందు దాని సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అది లేని సంస్థకు ఇచ్చిన డబ్బు సీఎస్ఆర్ కింద చెల్లదు. ట్రస్టో, సొసైటీయో మీరే పెట్టుకున్నదైనా, బయటిదైనా ఆదాయపు పన్ను చట్టం కింద సేవాసంస్థలకిచ్చే 12ఏ, 80జి కాగితాల గడువు తీరిపోలేదు కదా అని చూడాలి, బయటిదైతే అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం ఉందో లేదో కూడా చూడాలి. డబ్బును పని దశలను బట్టి మూడు విడతలుగా ఇస్తామని ఎంఓయూలో రాసుకోండి.

‘10 లక్షల చెక్కివ్వండి, 9 లక్షలు క్యాష్‌గా వెనక్కిచ్చేస్తాం’ అనేవాళ్లు మార్చి నెలలో తప్పకుండా తగులుతారు. అది సీఎస్ఆర్ కాదు, దొంగలెక్క. చెక్కు మీద సంతకం చేసిన డైరెక్టరు మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో అపోహ: మార్చి 30న ఎన్జీవో ఖాతాలో డబ్బేస్తే ఖర్చయిపోయినట్టే అని. కాదు. ఆ సంస్థ దాన్ని పని మీద వాడితేనే ఖర్చు. ఖర్చయిందని మీ సీఎఫ్ఓ (ప్రధాన ఆర్థికాధికారి), లేకపోతే ఆర్థిక వ్యవహారాలు చూసే బాధ్యుడు, ధ్రువీకరించాలి. ఎన్జీవో ఇచ్చే యూసీతో (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) పాటు బిల్లుల కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంటు లేకుండా ఆయన ఏ ధైర్యంతో సంతకం పెడతాడు?

మార్చి 31కి డబ్బు మిగిలితే

12 లక్షల్లో 7 లక్షలే ఖర్చయ్యాయనుకుందాం. మిగిలిన 5 లక్షలకు రెండు దారులున్నాయి.

బోర్డు ఆ పనిని కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఆమోదించి ఉంటే, ఏప్రిల్ 30లోగా షెడ్యూల్డ్ బ్యాంకులో ‘అన్‌స్పెంట్ సీఎస్ఆర్ అకౌంట్’ తెరిచి అందులో వెయ్యాలి. ఆపై మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చెయ్యాలి. ఆ ఖాతాలో వచ్చే వడ్డీ కూడా సీఎస్ఆర్‌కే. మార్చిలోగా వర్క్ ఆర్డరైనా ఇవ్వని పనిని కొనసాగుతున్న ప్రాజెక్టు అనడానికి లేదు. ఏప్రిల్ మూడో వారంలో మార్చి తేదీతో మినిట్స్ రాయడం చాలాచోట్ల చూసేదే. వర్క్ ఆర్డరు తేదీ, కొటేషన్ తేదీ దాన్ని బయటపెట్టేస్తాయి. ఖాతా తెరవడానికి కూడా బ్యాంకు బోర్డు తీర్మానం అడుగుతుంది. రెండు వారాలు దానికే పోతాయి కాబట్టి మార్చిలోనే తెరిచిపెట్టుకోండి.

అలాంటి ప్రాజెక్టు లేకపోతే సెప్టెంబరు 30లోగా ఆ 5 లక్షలు ఏడో షెడ్యూలులోని నిధికి, ఉదాహరణకు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి, జమ చెయ్యాలి. ఎందుకు ఖర్చు చెయ్యలేకపోయారో బోర్డు నివేదికలో కారణం రాయాలి.

గడువు దాటిపోతే జరిమానా. జమ చెయ్యాల్సిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కంపెనీకి. బాధ్యులైన ఒక్కో అధికారికి జమ చెయ్యాల్సిన మొత్తంలో పదోవంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది. మన 5 లక్షలకు కంపెనీ మీద 10 లక్షలు, ఒక్కొక్కరి మీద 50 వేలు. 2021 జనవరి 22కు ముందు కారణం రాస్తే సరిపోయేది. ఆ రోజులు పోయాయి.

అందుకే 12 లక్షలు అనుకున్నచోట 12.5 లక్షల పని పెట్టుకోండి. ఎక్కువైన 50 వేలు బోర్డు తీర్మానంతో తర్వాతి మూడేళ్లలో సర్దుకోవచ్చు. తక్కువైతే మాత్రం 500 రూపాయలకు కూడా జమ, వివరణ తప్పవు.

ఫైల్లో ఏముండాలి

198వ సెక్షన్ లెక్క, బోర్డు తీర్మానాలు, వార్షిక ప్రణాళిక, అనుమతి లేఖ, కొటేషన్లు, వర్క్ ఆర్డరు, పనికి ముందూ తర్వాతా తేదీ, లొకేషన్ పడేలా తీసిన ఫొటోలు, బిల్లులు, అప్పగింత పత్రం, సీఎఫ్ఓ ధ్రువీకరణ. బోర్డు నివేదికకు సీఎస్ఆర్ వార్షిక నివేదిక జత చెయ్యాలి. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు ఏఓసీ-4తో (వార్షిక లెక్కలు దాఖలు చేసే ఫారం) పాటు సీఎస్ఆర్ వివరాల సీఎస్ఆర్-2 ఫారం వెళ్లాలి. వెబ్‌సైటు ఉంటే విధానం, ఆమోదించిన ప్రాజెక్టులు అందులో పెట్టాలి. నివేదికలోని అంకె, బ్యాలెన్స్ షీట్ నోట్సులోని అంకె, సీఎస్ఆర్-2లోని అంకె ఒకటేనా అని దాఖలు చేసే ముందు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట జీఎస్టీ కలిపి, ఇంకోచోట కలపకుండా రాసి నోటీసు తెచ్చుకోవద్దు. ఆదాయపు పన్ను లెక్కలో ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపడానికి వీల్లేదని పన్నుల విభాగం చూసేవాళ్లకు కూడా అప్పుడే చెప్పేయండి.