ఇంట్లో ఆహార ఎలర్జీ: తేల్చుకోవడం నుంచి వండిపెట్టడం వరకు

పిల్లవాడికి పల్లీలు పడవు, తాతగారికి పాలు పడవు, వదినకు గోధుమ పడదు అని ఇంట్లో అందరూ ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. కాని ఆ మూడింటికీ కారణాలు వేరు, ప్రమాదం వేరు, తీసుకోవలసిన జాగ్రత్త కూడా వేరు. అందువల్ల వంటగది సర్దడానికి ముందే ఎవరికి ఏది ఏ విధంగా పడటం లేదో విడమర్చి తెలుసుకోవాలి. బెంగళూరులో మన వంట, కన్నడ వంట, తమిళ వంట, ఉత్తరాది వంట రోజూ ఒకే ఇంట్లోకి వచ్చి చేరుతుంటాయి కనుక, ఈ స్పష్టత లేని కుటుంబంలో అనవసరమైన భయమైనా ఉంటుంది, కూడని ధీమా అయినా ఉంటుంది.

పల్లీలు తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటిమీద దద్దుర్లు లేవడం, పెదవులు ఉబ్బడం, వాంతి కావడం, ఊపిరిలో పిల్లికూతలు వినిపించడం జరిగితే, అది శరీర రక్షణ వ్యవస్థ ఐజీఈ అనే ప్రతిరక్షకాల ద్వారా చూపించే అసలైన ఎలర్జీ కావచ్చు. దీనిలో చిటికెడు పొడి కూడా ప్రాణం మీదికి తేగలదు. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనం మాత్రమే కలిగే పెద్దవారిలో సాధారణంగా పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము తగ్గి ఉంటుంది. ఇది బాధ కలిగించేదే గాని ప్రమాదకరం కాదు, మోతాదును బట్టి మారుతుంది. గ్లాసెడు పాలు పడనివారిలో చాలామంది మజ్జిగన్నం ఇబ్బంది లేకుండా తింటారు. సీలియాక్ వ్యాధి ఈ రెండింటికీ భిన్నమైనది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రోటీను వల్ల రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. నెలల తరబడి రక్తహీనతగానో, పిల్లల్లో ఎదుగుదల లోపంగానో బయటపడుతుంది. ఒకసారి నిర్ధారణ అయితే గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు మూడు వారాల పాటు ఒక నోటుపుస్తకం రాసి ఉంచుకోవడం ఎంతో మేలు చేస్తుంది. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, లక్షణం ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఆ రోజు జ్వరం ఉందా, నొప్పి మాత్ర ఏదైనా వేసుకున్నారా అన్నవి రాయాలి. దద్దుర్లు కనబడగానే ఫోనులో ఫోటో తీయాలి, ఎందుకంటే డాక్టరు గదిలోకి వెళ్లేసరికి అవి మాయమైపోతాయి. పిల్లల్లో వైరల్ జ్వరంతో పాటు దద్దుర్లు రావడం మామూలే. ఆ రోజు కోడిగుడ్డు తిన్నాడన్న కారణానికి గుడ్డు మీద నింద పడి ఏళ్ల తరబడి మాన్పించిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వంకాయ దురదను కూడా ఇలాగే నిదానంగా పరిశీలించాలి, అందులో చాలావరకు ఎలర్జీ కాదు.

పరీక్షల విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది: ఎన్నో ఆహారాలకు ఒకేసారి పరీక్షించే, ప్యాకేజీగా అమ్మే పెద్ద పెద్ద ఎలర్జీ ప్యానెళ్లను ముందుగా చేయించుకోకండి. యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా కర్ణాటకలోని పెద్దవారిని పరీక్షించినప్పుడు, 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. నిజంగా ఎలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు మాత్రం 1.2 శాతమే. అంటే రిపోర్టులో పాజిటివ్ అని వచ్చిన వారిలో అత్యధికులు ఆ పదార్థాన్ని నిక్షేపంగా తినగలిగినవారే. నోటుపుస్తకంలోని అనుమానాన్ని బట్టి డాక్టరు ఎంచిన రెండు మూడు పదార్థాలకే చర్మపరీక్ష గాని రక్తపరీక్ష గాని చేయించుకోవాలి. చర్మపరీక్షకు కొన్ని రోజుల ముందు సిట్రజిన్ వంటి ఎలర్జీ మందులు ఆపవలసి ఉంటుంది, దాన్ని డాక్టరును అడిగే చేయాలి. ఐజీజీ పేరుతో వందలాది ఆహారాల చిట్టా ఇచ్చే పరీక్షలు ఎలర్జీని నిర్ధారించలేవు. ఆ ప్రతిరక్షకాలు మనం ఆ పదార్థం తింటున్నామన్నదానికి గుర్తు మాత్రమే. ఇక సీలియాక్ అనుమానం ఉంటే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష అయ్యేవరకు గోధుమ మానకూడదు, మానితే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు. అనుమానమున్న ఆహారాన్ని కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష ఒకటి ఉంది. అది అత్యవసర మందులు సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి, ఇంట్లో ఎంతమాత్రం కాదు.

ఏది మాన్పించినా దాని స్థానంలో ఏది పెడతామన్నది ఆ రోజే నిర్ణయించుకోవాలి. పాల ఎలర్జీ ఉన్న పిల్లలకు రాగి మంచి ఆధారం. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పైగా ఈ ఊళ్లో రాగిపిండి దొరకని వీధి లేదు. కాని శాకాహార కుటుంబంలో పాలు, పెరుగు రెండూ ఆగిపోతే విటమిన్ బి12 వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది, దాన్ని రాగి తీర్చలేదు. డాక్టరును అడిగి మందు రూపంలో ఇవ్వవలసిందే.

వంటగదిలో

అన్నిటికంటే ముందు మిక్సీ జారును చూడండి. పల్లీ పొడి కొట్టిన జారును ఎంత కడిగినా, బ్లేడు కింద ఉండే రబ్బరు వాషరు అంచున సన్నని పొడి పేరుకుని ఉంటుంది. తరువాత అదే జారులో పిల్లవాడికి కొబ్బరి చట్నీ చేస్తే ఆ పొడి చట్నీలో కలుస్తుంది. పల్లీల ఎలర్జీ ఉన్న ఇంట్లో ఆ పిల్లవాడి కోసం వేరే జారు కొని, మూతమీద ఎర్ర టేపు అతికించి ఉంచడం ఖర్చుకు తగిన పని. అదే నియమం పోపుల డబ్బాలోని చెంచాకు, ఆవకాయ జాడీలోని గరిటెకు, బజ్జీలు వేయించి దాచుకున్న నూనెకు కూడా వర్తిస్తుంది. నువ్వుల ఎలర్జీ ఉంటే పులిహోర పొడి, నువ్వుల కారం, ఇడ్లీ పొడి అన్నీ లెక్కలోకి వస్తాయి.

గానుగ నూనెల మీద మక్కువ ఈ మధ్య బాగా పెరిగింది. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రోటీను దాదాపు మిగలదు, గానుగ పల్లీ నూనెలో మాత్రం మిగులుతుంది. ఎలర్జీ కలిగించేది ఆ ప్రోటీనే కనుక ఇలాంటి ఇంట్లో గానుగ పల్లీ నూనె అడుగుపెట్టకూడదు. బంధువులు ప్రేమతో ఊరి నుంచి పంపినా సరే, వారికి నెమ్మదిగా కారణం చెప్పండి.

సీలియాక్ ఉన్నవారి ఇంట్లో దొంగలాగా దాక్కునేది ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువలో సాధారణంగా గోధుమపిండి గాని మైదా గాని కలిపి ఉంటుంది, అది చారులో, సాంబారులో, పప్పులో రోజూ పడుతుంది. బియ్యప్పిండితో కలిపినదని ప్యాకెట్ మీద రాసి ఉన్నదాన్ని వెతికి కొనుక్కోవాలి. పిండిమర విషయం కూడా అంతే ముఖ్యమైనది: గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు, రాగులు ఆడిస్తే గోధుమపిండి కలవక మానదు. ఇంట్లో చిన్న పిండిమర పెట్టుకోవడం గాని, గ్లూటెన్ లేదని ముద్రించిన పిండి కొనడం గాని చేయాలి. మన దేశపు నిబంధనల ప్రకారం అలా రాయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. చపాతీ పీట, కర్ర, పెనం వేరుగా ఉండాలి.

ప్యాకెట్లు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు ఉంటే విడిగా ప్రకటించాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు, శనగపిండి కూడా లేదు. మన తిండిలో ఎక్కువగా ఉండేవి ఇవే కనుక, వీటి ఎలర్జీ ఉన్నవారు కింద ఉన్న హెచ్చరికతో ఆగకుండా పదార్థాల జాబితా మొత్తం, కొన్న ప్రతిసారీ చదవాలి.

గడప దాటితే

దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి తినేటప్పుడు ఒక కన్నడ వాక్యం నేర్చుకుని ఉండటం మంచిది: "ఇదరల్లి కడ్లెబీజ ఇదెయా?" అంటే ఇందులో పల్లీలు ఉన్నాయా అని. నువ్వులకు ఎళ్ళు, జీడిపప్పుకు గోడంబి, గోధుమకు గోధి అని అడగాలి. కౌంటరులో ఉన్నవారికన్నా వండేవారిని అడిగితే నికరమైన జవాబు వస్తుంది. ఇడ్లీ అనగానే బియ్యం, మినుములే అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కొరత వచ్చినప్పుడు ఈ ఊరి ఎం.టి.ఆర్. వంటశాలలో పుట్టిన రవ్వ ఇడ్లీ గోధుమ రవ్వతో చేసేది, సాధారణంగా జీడిపప్పు కూడా వేస్తారు. మద్దూరు వడలోనూ రవ్వ, మైదా ఉంటాయి. చిత్రాన్నం, పులియోగరెలలో పల్లీలు దాదాపు తప్పనిసరి. చట్నీని మీద పోయకుండా వేరే గిన్నెలో ఇమ్మని చెప్పండి. మన ఆంధ్ర మెస్సుల్లో పొడుల గిన్నెలన్నింటికీ ఒకే చెంచా తిరుగుతుంటుంది, అక్కడ పప్పు, కూర, పెరుగుతో సరిపెట్టుకోవడమే క్షేమం.

పల్లీలకో నువ్వులకో ఎలర్జీ ఉన్న పిల్లలకు బెంగళూరులో అన్నిటికన్నా కఠినమైన రోజు సంక్రాంతి. ఎళ్ళు-బెల్ల అని నువ్వులు, బెల్లం, పల్లీలు, ఎండుకొబ్బరి, పుట్నాలు కలిపి చిన్న పొట్లాలు కట్టి ఇంటింటికీ పంచుతారు. అపార్టుమెంటులో ఆ సాయంత్రం తలుపు కొట్టేది చాలావరకు చిన్నపిల్లలే. వాళ్లను నొప్పించకుండా పొట్లం పెద్దవాళ్లే అందుకుని, ఎత్తుగా ఉన్న అరలో పెట్టి, మీ వంతుగా చెరకుముక్కలో, చక్కెర అచ్చులో ఇవ్వవచ్చు. పండుగకు వారం ముందే అపార్టుమెంటు గ్రూపులో ఒక చిన్న సందేశం పెడితే ఇరుగుపొరుగు అర్థం చేసుకుంటారు. గుడిలో ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పెద్దవాళ్లకు అందించడం పిల్లవాడికి నేర్పండి. అది అపచారం కాదని అమ్మమ్మ నోటితోనే చెప్పిస్తే ఇంకా మంచిది.

నిజానికి పెద్దవాళ్లను ఒప్పించడమే చాలా ఇళ్లలో కష్టమైన పని. "కొంచెం తింటే ఏమీ కాదు, అలవాటైతే అదే పోతుంది" అనే మాట ప్రేమతో వచ్చేదే. వాదనకు దిగకుండా, అమ్మమ్మనో నాయనమ్మనో ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకువెళ్లి, ఆయన చెప్పేది స్వయంగా విననివ్వండి. ఆ తరువాత కాపలాకు వాళ్లను మించినవారు ఉండరు.

బడికి ఇచ్చే కాగితం ఒక పేజీ దాటకూడదు. పిల్లవాడి ఫోటో, పడని పదార్థం, లక్షణాలు, ఇవ్వవలసిన మందు, రెండు ఫోన్ నంబర్లు ఉంటే చాలు. ఇంగ్లీషులోనూ కన్నడలోనూ రాసి క్లాసు టీచరుకు, ఆయాకు, బస్సులో ఉండే సహాయకురాలికి విడివిడిగా ఇవ్వండి. వంటమనిషికి చదువు రాకపోతే పదార్థం బొమ్మ అతికించి చూపండి.

ప్రమాదం వచ్చినప్పుడు

దద్దుర్లతో పాటు వాంతులు గాని, ఊపిరి ఆడకపోవడం గాని ఉన్నా, గొంతు బొంగురుపోయినా, పిల్లవాడు వాడిపోయి తల వాల్చేస్తున్నా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ అని భావించాలి. అప్పుడు ప్రాణం కాపాడేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే; దాన్ని తొడ బయటివైపు కండరంలోకి వెంటనే ఇవ్వాలి. సిట్రజిన్ సిరప్ దురదను తగ్గిస్తుందే గాని ఊపిరిని, రక్తపోటును నిలబెట్టలేదు, కనుక సిరప్ పోసి చూద్దామని ఆగకూడదు. తీవ్రమైన ఎలర్జీ ఉన్న పిల్లలకు ఇంట్లో ఎడ్రినలిన్ ఏ రూపంలో ఉంచుకోవాలో, ఎలా ఇవ్వాలో డాక్టరు దగ్గర చేతితో చేసి నేర్చుకోండి. మోతాదు సాధారణంగా కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము కనుక, పిల్లవాడు పెరిగేకొద్దీ దాన్ని తిరిగి రాయించుకోవాలి.

పిల్లవాడిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి, ఊపిరి కష్టమైతే కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి, లేపి నడిపించవద్దు. 108కు ఫోను చేయండి. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరిగి రావచ్చు. ఏ ఆసుపత్రికి అన్నది ఈ రోజే నిర్ణయించుకోండి. సాయంత్రం పూట మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు వైపు పోయే రోడ్డు ట్రాఫిక్‌తో ఎలా ఉంటుందో తెలిసినదే. పేరున్న దూరపు ఆసుపత్రికన్నా రాత్రీపగలూ క్యాజువాలిటీ తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి మేలు. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఈ ప్రమాదం మరింత తీవ్రంగా ఉంటుంది. వయ్యారిభామ, పుప్పొడి, దుమ్ము కలిసిన ఈ ఊరి గాలిలో ఆస్తమా అదుపులో ఉంచడం ఆహార ఎలర్జీ జాగ్రత్తలో భాగమే, ఇన్‌హేలరు మధ్యలో మానవద్దు.

పెద్దవాడికి పల్లీలు పడవని చంటిబిడ్డకు కూడా భయంతో దూరం పెట్టే తల్లిదండ్రులు డాక్టరుతో ఒకసారి మాట్లాడాలి. 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు మొదటి ఏడాది నుంచే పల్లీలు తినిపించినప్పుడు పల్లీ ఎలర్జీ గణనీయంగా తగ్గింది. తినిపించేది పలుచని ముద్దగానే, గింజగా ఎప్పుడూ కాదు, గొంతులో అడ్డుపడుతుంది. ఇప్పటికే ఎలర్జీ ఉన్న పిల్లలను ఏడాదికొకసారి డాక్టరుకు చూపించండి. పాలు, గుడ్డు, గోధుమ ఎలర్జీలు చాలామందిలో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి, పల్లీలు, గింజలు, చేపల ఎలర్జీలు ఎక్కువగా నిలిచిపోతాయి. తగ్గిందో లేదో ఆసుపత్రిలో తేలేవరకు ఎర్ర టేపు ఉన్న జారును మాత్రం అలాగే ఉంచండి.