ఇంట్లోనే ఆఫ్‌రోడ్ బండి – నాలుగో పాఠం: వాగు దిగే ముందు బ్రీదర్ గొట్టాలు

కిందటి పాఠంలో ముందూ వెనకా రికవరీ హుక్కులు బిగించాం. టైర్లలో గాలి దించి, దారి దాటాక మళ్ళీ నింపుకోవడం చూశాం. ఈసారి పని చిన్నది: డిఫ్‌లు, గేర్ బాక్స్ గాలి పీల్చే రంధ్రాలకి, అంటే బ్రీదర్లకి, గొట్టాలు తగిలించి పైకి తేవడం. చేశాక బండి పక్కన నిలబడి చూసినా ఏం మారిందో తెలియదు. అయినా స్నార్కెల్ (ఇంజన్ గాలి పీల్చే చోటుని పైకి తెచ్చే గొట్టం) కొనక ముందే ఇది చెయ్యండి. స్నార్కెల్ కాపాడేది ఒక్క ఇంజన్‌నే. ఇంజన్‌లోకి నీళ్ళు పోతే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది, మీకు వెంటనే తెలుస్తుంది. డిఫరెన్షియల్‌లోకి, అంటే రెండు పక్కల చక్రాలకీ బలాన్ని పంచే గేర్ల పెట్టె ‘డిఫ్’లోకి, పోతే ఏ సూచనా ఉండదు. వాగు దాటేస్తారు, ఇంటికొస్తారు, మామూలుగా తిరుగుతుంటారు. కొన్నాళ్ళకి వెనక నుంచి ‘ఊఁ’ మని ఒక ఊళ మొదలవుతుంది. అప్పటికే బేరింగులు తుప్పు పట్టి, క్రౌన్ వీలు పళ్ళ మీద మచ్చలు పడి ఉంటాయి.

ఈ పాఠాలన్నీ 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా థార్‌ని ముందు పెట్టుకుని రాస్తున్నాం. దానికి ముందు చక్రాలు విడివిడిగా ఆడతాయి, డిఫ్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. వెనక మాత్రం పాత పద్ధతి గట్టి యాక్సిల్. జిప్సీ అయితే ముందు కూడా గట్టి యాక్సిలే కాబట్టి కింద వెనక యాక్సిల్‌కి చెప్పినదంతా ముందుకీ వర్తిస్తుంది.

నీళ్ళు లోపలికి ఎలా పోతాయి

యాక్సిల్ హౌసింగ్‌లో, అంటే యాక్సిల్‌ని కప్పి ఉండే ఇనుప గుల్లలో, గేర్ ఆయిల్ సగం వరకే ఉంటుంది, మిగతాది గాలి. రోడ్డు మీద గంటా రెండు గంటలు నడిచాక ఆ హౌసింగ్ 80 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడికి వ్యాకోచించిన గాలి పోవడానికి పైన ఒక చిన్న రంధ్రం, దానికో మూత ఉంటాయి. అదే బ్రీదర్.

ఇప్పుడు ఆ వేడి హౌసింగ్‌ని 25 డిగ్రీల వాగు నీళ్ళలో దించామనుకోండి. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. 80 నుంచి 25కి పూర్తిగా పడితే లోపలి ఒత్తిడి దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. ఆ లోటుకి ఒకటిన్నర మీటరు పైన ఎత్తుకి నీటిని లాగే బలం ఉంది. వాగు దాటే రెండు నిమిషాల్లో అంతా చల్లబడదు. కానీ అందులో పావు వంతు చల్లబడినా 40 సెంటీమీటర్ల నీటిని లాగే బలం వస్తుంది. ఇది యాక్సిల్ మునిగిన లోతు వల్ల పడే ఒత్తిడికి అదనం.

ఈ థార్‌కి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. 255/65 ఆర్18 టైరు మీద వెనక యాక్సిల్ నడుము నేల నుంచి సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే కంపెనీ అనుమతించిన లోతులోనే యాక్సిల్ ఒక జానెడు పైన మునిగి ఉంటుంది. బ్రీదర్ మూత యాక్సిల్ మీదే ఉన్న బండి ఏదైనా సరే, ఆ లోతులో మూత కూడా నీళ్ళలోనే ఉంటుంది.

మూత బిగుసుకుపోయి ఉంటే నీళ్ళు రావని కొందరు అనుకుంటారు. అప్పుడు ఇంకా చెడ్డది. గాలి దారి మూసుకుపోతే ఆ లాగుడంతా చక్రాల దగ్గరి ఆయిల్ సీళ్ళ మీద పడుతుంది. సీలు పెదవి లోపలి ఆయిల్‌ని ఆపేలా తిప్పి పెట్టి ఉంటుంది, బయటి నీళ్ళని ఆపడానికి కాదు. లోపల లాగుడు పుట్టగానే పెదవి లేచి నీళ్ళకి దారి ఇస్తుంది. పొడి రోడ్డు మీద ఇదే తిరగబడుతుంది. వేడి గాలికి దారి లేక సీలు దాటి ఆయిల్ బయటికి తోస్తుంది, వెనక డ్రమ్ములోని బ్రేక్ లైనింగు తడుస్తుంది. వెనక చక్రం లోపలి వైపు నల్లగా జిడ్డు కనిపిస్తే చాలామంది సీలు మార్చేసి ఊరుకుంటారు. బ్రీదర్ మూసుకుపోయిందేమో చూడరు కాబట్టి కొత్త సీలూ అలాగే పోతుంది.

బ్రీదర్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. చిటికెన వేలి గోరంత ఇనుప టోపీ, వేలితో కదిపితే లొడలొడలాడాలి. నల్లరేగడిలో ఒక్క వర్షాకాలం తిరిగిన బండిలో ఆ టోపీ అంచు చుట్టూ మట్టి సిమెంటులా గట్టిపడి ఉంటుంది, కదపబోతే కదలదు. సూదితో అంచు గీకితే రేకులు రేకులుగా ఊడుతుంది. ఆ మూతని ఎంత శుభ్రం చేసినా తర్వాతి బురదకి మళ్ళీ ఇదే. అందుకే గాలి పీల్చే చోటునే పైకి, బానెట్ కిందికి మార్చేస్తాం.

ముందు గొట్టం వెంట వెళ్ళండి

ఏదీ కొనకండి ముందు. టార్చి పట్టుకుని వెనక డిఫ్, ముందు డిఫ్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే పెట్టె), ఈ నాలుగింటి పైభాగాలు వెతకండి. కొన్నిటికి కంపెనీయే చిన్న రబ్బరు గొట్టం ఇచ్చి ఉంటుంది. దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్ళి, ఆ చివర నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. 90 సెంటీమీటర్లు దాటి ఉంటే దాన్ని ముట్టుకోవక్కర్లేదు. తక్కువ ఉన్నవాటినే మార్చాలి.

తర్వాత పురికొస తీసుకుని గొట్టం వెళ్ళాల్సిన దారంతా పరిచి చూడండి. వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ పట్టె మీదుగా ఇంజన్ వెనక గోడ పైదాకా వెళ్ళాలి. ఈ బండికి సుమారు 4 మీటర్లు పడుతుంది, 5 కొనండి. ముందు డిఫ్‌కి 2 మీటర్లు చాలు.

సామాను

గొట్టం విషయంలో పీనాసితనం వద్దు. మేస్త్రీలు లెవల్ చూసే పారదర్శక పైపు వాడినవాళ్ళున్నారు. అది ఇంజన్ వేడికి ఆరు నెలల్లో కర్రలా గట్టిపడి పగులుతుంది, వంపు దగ్గర మడతపడి మూసుకుపోతుంది. రెండు మంచి దారులున్నాయి. ఒకటి, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లున్న నైట్రైల్ రబ్బరు డీజిల్ గొట్టం. రెండు, లారీల ఎయిర్ బ్రేకులకి వాడే నైలాన్ పైపు, బయట 8, లోపల 6 మిల్లీమీటర్లది. ఛాసిస్ పొడవునా నైలాన్ నీటుగా కూర్చుంటుంది. యాక్సిల్ పైకీ కిందికీ ఆడే చోట రబ్బరే మేలు. వెనక మొదటి మీటరు రబ్బరు, మిగతాది నైలాన్ పెట్టుకుంటే రెండింటి లాభమూ వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సామాను దుకాణాల్లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ ఇవన్నీ మీటరు లెక్కన దొరుకుతాయి.

వీటితో పాటు ఒక్కో గొట్టానికి ఒక ఇత్తడి నిపుల్ (ఒక వైపు మర, రెండో వైపు గొట్టం ఎక్కించే మొలక ఉండే ముక్క), రెండు చిన్న డీజిల్ లైను క్లాంపులు, ఛాసిస్‌కి బిగించే రబ్బరు పూత క్లిప్పులు ఎనిమిది, నల్ల కేబుల్ టైలు ఒక ప్యాకెట్ కావాలి. పై చివరకి గాలి పరికరాల దుకాణంలో దొరికే సింటర్డ్ ఇత్తడి సైలెన్సర్ అడగండి, పావు అంగుళానిది. ఇసుక రేణువులు అతికించినట్టు ఉండే చిన్న ఇత్తడి ముక్క అది. గాలిని పోనిస్తుంది, దుమ్ముని ఆపుతుంది, మట్టి పడితే డీజిల్‌లో కడిగి మళ్ళీ పెట్టుకోవచ్చు. బైకు పెట్రోలు ఫిల్టరు కూడా పనిచేస్తుంది కానీ కాగితం రకం తడిస్తే మూసుకుపోతుంది, జాలీ రకం చూసి తీసుకోండి.

నిపుల్ మర ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. పాత బ్రీదర్ విప్పి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళి, మర సరిపోయిందో చేత్తో తిప్పి చూసి కొనడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి. బ్రీదర్ తీసిన రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి వెళ్ళండి.

బండిని లేపడం

చదునైన గట్టి నేల ఎంచుకోండి. వెనక చక్రాలు గాల్లోకి లేస్తే హ్యాండ్ బ్రేకుకి పట్టు పోతుంది, ఎందుకంటే అది పట్టేది వెనక చక్రాలనే. కాబట్టి ట్రాన్స్‌ఫర్ లీవర్ ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే స్థానం), గేరు ఫస్ట్‌లో వేసి, రెండు ముందు చక్రాలకీ ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. ఫోర్ హై పడిందో లేదో దిమ్మెలు పెట్టకముందే బండిని ఒక అడుగు కదిపి చూసుకోండి. జాకీతో లేపి, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించండి. ఇటుకలు పేర్చి దాని కింద దూరడం ప్రాణాంతకం. ఇటుక పగిలేముందు చప్పుడు కూడా చెయ్యదు.

స్టాండ్లు ఛాసిస్ కిందే ఎందుకంటే, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడాలి. రాళ్ళ దారిలో ఒక చక్రం గుంతలోకి దిగినప్పుడు గొట్టం సాగాల్సిన దూరం అదే. యాక్సిల్ వేలాడుతున్న స్థితిలోనే కొలిచి, అదనంగా 15 సెంటీమీటర్ల వదులు ఉంచండి. బండి నేల మీద ఉండగా కొలిచి కోసిన గొట్టం మొదటి గుంతలోనే నిపుల్ నుంచి ఊడి వస్తుంది. ఈ పనిలో అందరూ చేసే తప్పు ఇదే.

బిగింపు

విప్పకముందే బ్రీదర్ చుట్టూ ఇనుప బ్రష్షుతో గీకి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టండి. లేకపోతే ఆ మట్టి నేరుగా గేర్ల మీద పడుతుంది. బ్రీదర్ మర రకం కాకుండా కొట్టి దిగ్గొట్టిన రకమైతే పైటోపీని మాత్రం నోస్ ప్లయర్‌తో ఊడదీసి, మిగిలిన మొలక మీదే గొట్టం ఎక్కించి క్లాంపు వెయ్యండి. రంధ్రం పెద్దది చేద్దామని డ్రిల్లు మాత్రం పెట్టకండి. ఇనుప పొట్టు లోపల పడితే బేరింగుకి నీళ్ళకంటే ప్రమాదం.

ఇత్తడి నిపుల్ మరకి ద్రవ సీలెంట్ చుక్క చాలు, మొదటి రెండు మరలు వదిలేసి రాయండి. చేతితో బిగిసినంత బిగించి, పానాతో ఇంకో పావు చుట్టు తిప్పండి. తెల్ల టేపు చుట్టకండి. దాని పీలికలు ఆయిల్‌లో పడతాయి.

ఇక గొట్టం దారి. మొదలు నుంచి చివరిదాకా ఎక్కుతూనే పోవాలి, ఎక్కడా ఊయలలా కిందికి జారకూడదు. జారిన చోట ఆవిరి నీరు, ఆయిల్ చెమ్మ చేరి గొట్టం మూసుకుపోతుంది, మళ్ళీ పాత కథే. పొగగొట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా పట్టుకెళ్ళండి. బీఎస్6 డీజిల్ బండిలో పొగ ఫిల్టరు మసిని కాల్చుకునేటప్పుడు అక్కడి వేడి 600 డిగ్రీలకి చేరుతుంది. పక్కనున్న నైలాన్ కరిగి ముద్దవుతుంది. వీలైతే పొగగొట్టం లేని వైపు పట్టెనే వాడండి. 30, 40 సెంటీమీటర్లకో క్లిప్పు వెయ్యండి. కదిలే బ్రేకు గొట్టానికి మాత్రం దీన్ని కట్టకండి. రెండూ రాసుకుని మొదట అరిగేది బ్రేకు గొట్టమే అయితే వాలులో బండి ఆగదు.

బానెట్ కింద ఇంజన్ వెనక గోడకి, ఎంత పైకి వీలైతే అంత పైన చివరలు తెచ్చి, గొడుగు కర్ర పిడిలా కిందికి వంచి సైలెన్సర్ బిగించండి. నాలుగు గొట్టాలనీ ఒక్కటిగా కలిపేస్తే సామాను తగ్గుతుంది కానీ మేం వద్దంటాం. ఒకచోట గొట్టం చిరిగిందంటే నాలుగూ ఆ చిరుగులోంచే నీళ్ళు పీలుస్తాయి. ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి కలపడం కూడా వద్దు. ఇంజన్ లాగుడికి ఆయిల్ ఆవిరి అటు పోతుంది.

పరీక్ష

పై చివర నుంచి నోటితో మెల్లగా ఊదండి. తేలిగ్గా పోవాలి, వదిలేస్తే సన్నగా వెనక్కి రావాలి. అసలు పోకపోతే ఎక్కడో మడత పడింది. బుగ్గలు నొప్పెట్టేలా ఊదాల్సి వచ్చినా మడత ఉన్నట్టే. కంప్రెసర్ పెట్టి చూడకండి, సీళ్ళు బయటికి తన్నుకొస్తాయి. తర్వాత బండి దించి, ఒక చక్రాన్ని గట్టు ఎక్కించి, కిందికి దూరకుండా పక్క నుంచి టార్చితో చూడండి. వదులు ఇంకా మిగిలి ఉండాలి.

వాగు దాటాక

గొట్టాలు వేసినంత మాత్రాన ఆయిల్ చూడక్కర్లేదని కాదు. పాత సీలు అరిగి ఉంటే నీళ్ళు అటు నుంచీ వస్తాయి. యాక్సిల్ మునిగేంత నీళ్ళు దాటిన ప్రతిసారీ, బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి చూడండి. ముందు పై ప్లగ్, అంటే ఆయిల్ పోసేది, విప్పండి. అది కదలకపోతే కింది ప్లగ్ జోలికి వెళ్ళకండి, లేకపోతే ఆయిల్ వదిలేశాక నింపే దారి ఉండదు. పై ప్లగ్ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తీసి వెలుతురులో చూడండి. తేనె రంగో, నలుపో అయితే సరే. పాలెక్కువైన టీ రంగులో, నురగలా చిక్కగా ఉంటే నీళ్ళు కలిశాయి. రంగు బాగున్నా కింది ప్లగ్ కొంచెం వదులు చేసి మొదటి చుక్కలు చూడండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరిన నీళ్ళు ముందు అవే కారతాయి.

నీళ్ళు కలిసిన ఆయిల్‌తో ‘వచ్చే సర్వీసుకి చూద్దాం’ అనుకోకండి. వదిలేసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే చెప్పినంత పోసి, 15 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి మళ్ళీ చూడండి. రంగు ఇంకా పాలలా ఉంటే ఆ ఆయిల్ కూడా వదిలెయ్యాలి.

ఈ గొట్టాలు పడ్డాక కూడా 650 మిల్లీమీటర్ల హద్దు మారదు. కర్ర మీద ఆ ఎత్తుకి రంగు టేపు చుట్టి, నిలకడగా ఉన్న వాగులో ముందు మీరు నడిచి కొలవండి. వానాకాలంలో లోలెవల్ కాజ్‌వేల మీద నీళ్ళు పారుతుంటే మోకాలి లోతు కూడా బండిని పక్కకి తోసేస్తుంది. అక్కడ ఏ మార్పూ పనికిరాదు, వెనక్కి తిప్పడమే.

వచ్చే పాఠంలోపు నాలుగు బ్రీదర్ల ఎత్తులూ, నాలుగు ఆయిళ్ళ రంగులూ తేదీతో ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. ఐదో పాఠం డిఫ్ కింద వేసే ఇనుప పళ్ళెం గురించి. దానికి ఈ ఎత్తుల కొలతలు మళ్ళీ కావాలి.